అర్ధరాత్రి భుజం నొప్పి, చెయ్యి వెనక్కి పోవట్లేదు: ఫ్రోజెన్ షోల్డర్ నుంచి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

వానచినుకు | మార్చి 4, రాత్రి 2:40

టైమ్ చూసి నవ్వకండి. నిద్ర పట్టకే ఈ పోస్టు. వయసు 49, రోజంతా కంప్యూటర్ ముందు పని. నవంబర్లో ఎడమ భుజంలో సన్నగా సలుపు మొదలైంది. కీబోర్డు వల్లేలే అని వదిలేశాను. జనవరికి జుట్టు ముడేసుకోవడం కష్టమైంది. ఇప్పుడు వెనక హుక్ పెట్టుకోవడం నా వల్ల కాదు, కారు సీటుబెల్టు కుడి చేత్తోనే లాక్కుంటున్నాను.

మొన్న టేబుల్ మీంచి పెన్ను దొర్లిపోతుంటే చటుక్కున పట్టుకోబోయాను. కలుక్కుమంది. పది నిమిషాలు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను, కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పెన్ను పడితే పడనీ అని ఆ క్షణంలో తోచదు కదా.

డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముకలు బాగున్నాయన్నారు. ఫ్రోజెన్ షోల్డర్ అట. ఏడాదో రెండేళ్ళో పడుతుంది, ఇవి చెయ్యండి అని బొమ్మల కాగితం ఒకటి ఇచ్చారు. "రెండేళ్ళు" దగ్గరే నా బుర్ర ఆగిపోయింది, ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ ఎక్కలేదు. ఇంటికొచ్చి మొదలుపెడితే రెండో బొమ్మకే చుక్కలు కనిపించాయి. చెయ్యాలా, మానాలా? ఇది అసలు తగ్గుతుందా?


లెక్కల మాస్టారు | మార్చి 4, ఉదయం 5:15

అమ్మా, తగ్గుతుంది. రెండు భుజాలతోనూ ఈ పరీక్ష రాసి పాసైనవాణ్ణి. 54వ ఏట కుడిది, అది పూర్తిగా వదలకముందే 56లో ఎడమది. మొదటిదానికి 20 నెలలు, రెండోదానికి 14 నెలలు పట్టింది. నోట్‌బుక్ ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నా.

జపాన్‌లో దీన్ని గొజూకత అంటారు, అంటే యాభై ఏళ్ళ భుజం. 40 నుంచి 60 మధ్యలో ఎక్కువగా వస్తుంది, ఆడవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి మీరేదో తప్పు చేశారని బాధపడకండి, కీబోర్డుని కూడా తిట్టకండి. చాలామందికి ఫలానా కారణమంటూ దొరకదు.

ఒక్క ప్రశ్న. షుగర్, థైరాయిడ్ పరీక్షలు ఈమధ్య చేయించారా? నాకు షుగర్ ఉన్న సంగతి బయటపెట్టింది భుజమే. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువగా వస్తుంది, వస్తే మొండిగా కూర్చుంటుంది. థైరాయిడ్ తేడాలున్నవాళ్ళకీ అంతే. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, వాయిదా వెయ్యకండి.


కండబలం | మార్చి 4, ఉదయం 7:02

మరీ సుకుమారంగా చూసుకుంటే భుజం అలాగే బిగుసుకుపోతుంది. నాకూ అచ్చం ఇదే. జిమ్‌లో ట్రెయినర్ రోజూ చెయ్యి పట్టుకుని పైకి లాగేవాడు. కేకలు పెట్టాను, నిజమే. మూడు వారాల్లో క్లియర్. పళ్ళు బిగపట్టి లాగించెయ్యండి. బిగుసుకున్న తలుపుని తోస్తేనే కదా తెరుచుకునేది.


మెల్లమెల్లగా | మార్చి 4, ఉదయం 9:40

ఫిజియోథెరపీ నా వృత్తి. కండబలం గారూ, ఏమీ అనుకోకండి, మూడు వారాల్లో పోయింది ఫ్రోజెన్ షోల్డర్ అయ్యే అవకాశం తక్కువ. దాని సంగతి తర్వాత చూద్దాం.

వానచినుకు గారూ, ఇప్పుడే ఒక చిన్న పని చెయ్యండి. నిలబడి రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించి, చేతుల్ని ముందుకి మడిచి పెట్టండి. మోచేతులు కదలకుండా, రెండు రెక్కల తలుపు తెరిచినట్టు ముంజేతుల్ని బయటికి తిప్పండి. కుడిది బాగా తెరుచుకుని, ఎడమది కాస్త తెరుచుకుని గడియ పడ్డట్టు ఆగిపోయిందా? ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా ఆ చేతిని మెల్లగా (మెల్లగా!) తిప్పి చూడమనండి. వాళ్ళకీ అక్కడే ఆగితే అడ్డం కీలు లోపల ఉంది. మీరు ఎత్తలేనిది వేరేవాళ్ళు ఎత్తితే హాయిగా లేస్తే మాత్రం, అది స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిది) చిరగడం లాంటి ఇంకో సమస్య కావచ్చు. ఫ్రోజెన్ షోల్డర్‌లో అందరికన్నా ముందు మూతపడేది ఈ బయటికి తిరిగే కదలికే. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా తీయించడం దేనికంటే కీలు అరుగుదల, కీలు జారడం లాంటివి కాదని తేల్చుకోవడానికి.

లోపల ఏం జరుగుతోందంటే, భుజం కీలు చుట్టూ పలచని సంచి ఒకటి ఉంటుంది. చంక కింద అది కొంచెం వదులుగా, మడతలు పడి ఉంటుంది. చెయ్యి పైకెత్తినప్పుడు ఆ మడతలు విప్పుకుంటాయి. ఈ జబ్బులో ముందు ఆ సంచికి వాపు వస్తుంది, తర్వాత మందంగా మారి కుంచించుకుపోతుంది. మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంటే బిగుసుకున్నది కండరం కాదు. పైపైన ఎంత మర్దన చేసినా ఆ కాసేపు హాయిగా ఉంటుందే గాని, సంచి వదులవదు.

మూడు దశలుంటాయి. మొదటిది నొప్పి దశ, సుమారు 2 నుంచి 9 నెలలు. రాత్రుళ్ళు నరకం, కదలిక వారంవారం తగ్గుతుంది. రెండోది బిగుసుకున్న దశ, 4 నుంచి 12 నెలలు. నొప్పి తగ్గుతుంది గాని చెయ్యి కదలదు. మూడోది కరిగే దశ, 5 నెలల నుంచి రెండేళ్ళ దాకా. లెక్కలు ఒకదాన్నొకటి కలుపుకుని పోతాయి, అందరికీ ఒకేలా ఉండవు. రాత్రి 2:40కి మీరు పోస్టు పెట్టారంటే ఏ దశో అడగక్కర్లేదు.

మొదటి దశలో సాగదీయడం పని కాదు. నొప్పిని తగ్గించడం, ఉన్న కదలికని పోగొట్టుకోకుండా చూసుకోవడం, అంతే. కాలిన చోట రుద్దుతామా? తలుపుతో పోల్చారు కండబలం గారు. ఇది చెక్క తలుపు కాదు, వాచిన కణజాలం.

కాగితంలో మొదటి బొమ్మ లోలకంలా ఊగేది అయ్యుంటుంది. దాన్ని చాలామంది తప్పుగా చేస్తారు. కుడి చెయ్యి టేబుల్ మీద ఆనించి ముందుకి వంగండి. ఎడమ చేతిని తడిగుడ్డ వేలాడినట్టు వదిలెయ్యండి. ఊపాల్సింది చేతిని కాదు, నడుముని. ఒంటి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుస్తుంటే చెయ్యి దానంతటదే చిన్న సున్నాలు చుడుతుంది. ఒకటి రెండు నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. ముందు ఐదు పది నిమిషాలు వేడి కాపడం పెట్టుకుంటే ఇంకా సులువు. మిగతా బొమ్మలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పే కొలత ఒకటుంది. వ్యాయామం తర్వాత పెరిగిన నొప్పి గంటలోపు సద్దుమణగాలి. ఆ రాత్రి నిద్ర మామూలుకన్నా చెడిందంటే పగలు ఎక్కువ చేశారని అర్థం.

ఇంకో మాట, అందరికీ. భుజం నొప్పితోపాటు ఛాతీ పట్టేసినట్టుండి చెమటలు పడితే ఫ్రోజెన్ షోల్డరా కాదా అని ఆలోచిస్తూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. జ్వరం, భుజం ఎర్రబడి వాయడం, దెబ్బ తగిలాక చెయ్యి లేవకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఇంటర్నెట్ సలహాలు ఆపి డాక్టరుకి చూపించుకోవాలి.


వానచినుకు | మార్చి 4, రాత్రి 9:30

తలుపు పరీక్ష చేశాను. కుడిది బార్లా తెరుచుకుంది. ఎడమది కాస్త సందు ఇచ్చి ఆగిపోయింది. మావారు తిప్పినా అంతే. అయినా తడిగుడ్డలా వదిలెయ్యమంటే చెయ్యి వదలట్లేదండీ, భయానికి భుజం దానంతటదే చెవి దాకా వచ్చేస్తోంది. ఇంతకీ నిద్రకి ఏం చెయ్యాలి? ఎటు తిరిగినా పోటే.


నిశాచరి | మార్చి 4, రాత్రి 11:50

ఈ ప్రశ్నకి నేనే రావాలి. నాలుగు నెలలు గోడ గడియారంతో కాపురం చేశాను.

వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి పరుపు మీదకి జారి భుజం వెనక్కి లాగేస్తుంది. అందుకే నొప్పి. జబ్బ కింద, మోచెయ్యి దాకా ఒక పలచని దిండు పెట్టండి. పడుకున్నాక మీ మోచెయ్యి మీకు కనపడాలి, కనపడకపోతే దిండు ఎత్తు చాలలేదని గుర్తు. చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. పక్కకి తిరగాలంటే బాగున్న వైపుకే తిరిగి, పెద్ద దిండుని కావలించుకుని నొప్పి చెయ్యి దాని మీద వాల్చండి. వీపు వెనక ఇంకో దిండు ఉంటే నిద్రలో దొర్లకుండా ఉంటారు. నా మంచం మీద మనిషికన్నా దిండ్లే ఎక్కువ ఉండేవి. అప్పటికీ పట్టకపోతే వాలు కుర్చీలో సగం కూర్చుని పడుకోండి, కొన్ని వారాలు నన్ను కాపాడింది అదే.

నొప్పి మాత్ర ఏ టైమ్‌కి వేసుకుంటే రాత్రికి పనికొస్తుందో డాక్టర్ని అడగండి. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య, బీపీ ఉంటే మాత్రం ఎవరో చెప్పారని వాపు తగ్గించే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.


లెక్కల మాస్టారు | మార్చి 5, ఉదయం 5:20

చొక్కా విషయం ఎవరూ చెప్పలేదు. వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు నొప్పి చెయ్యి చివర. ఇది తెలియక ముందు రెండు నెలలు బనీనులో ఇరుక్కుని ఇంట్లోవాళ్ళని కేకేసేవాణ్ణి.


వానచినుకు | మార్చి 29, రాత్రి 1:15

తిట్టించుకోవడానికి వచ్చాను.

దిండు కిటుకుతో మూడు గంటలు నిద్ర పట్టడం మొదలైంది. ఊరుకుంటే పోయేది. తెలిసినావిడ ఒకరు "ఒక్క పట్టు పడితే వదిలేస్తుంది" అని ఒకచోటికి తీసుకెళ్ళారు. అక్కడున్నాయన నన్ను బోర్లా పడుకోబెట్టి, ఊపిరి పీల్చుకోమని, ఎడమ చేతిని వీపు వెనక్కి ఒక్కసారిగా గుంజారు. నాకు వినిపించింది నా కేకే. "ఇప్పుడు చూడండి, వదులైంది" అన్నారు. ఆ సాయంత్రం నుంచి చెయ్యి కంచం దాకా కూడా రాలేదు. ఇది ఆరో రోజు. మళ్ళీ వాలు కుర్చీలోకి వచ్చేశాను. తలుపు పరీక్షలో ఉన్న ఆ కాస్త సందూ ఇప్పుడు లేదు. అంతా పాడు చేసుకున్నానా?


మెల్లమెల్లగా | మార్చి 29, ఉదయం 8:05

తిట్టను. ఈ కథ నేను నెలకోసారి వింటాను. కాకపోతే అంత గట్టిగా గుంజారు కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, ఎముకకి గాని స్నాయువుకి గాని దెబ్బ తగల్లేదని తేలాలి. అది లేదంటే, మంట మీద ఇంకాస్త మంట పడిందంతే. కొన్ని వారాల్లో మళ్ళీ సర్దుకుంటుంది.

నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్ళపాటు గమనించి 2004లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కొందరికి నొప్పి దాటి గట్టిగా సాగదీసే థెరపీ ఇచ్చారు. మిగతావాళ్ళని నొప్పి హద్దులోనే చెయ్యి కదుపుతూ, చేతనైన పనులు చేసుకోమన్నారు. రెండేళ్ళకి భుజం దాదాపు మామూలుగా అయినవాళ్ళు రెండో గుంపులో 89 శాతం, గట్టిగా లాగించుకున్న గుంపులో 63 శాతం. చీటీలు వేసి గుంపులుగా విడగొట్టిన పరిశోధన కాదు, కాబట్టి అదే వేదం అనను. కానీ నేను రోజూ చూసేది దానికి దగ్గరగానే ఉంటుంది.

అలాగని చెయ్యిని మెడపట్టీలో వేలాడేసి కదపకుండా ఉంచినా మోసమే. బాగున్న కదలిక కూడా పోతుంది. కదపాలి, గుంజకూడదు.


కండబలం | మార్చి 29, ఉదయం 10:30

నా పోస్టు చూసే వెళ్ళారేమోనని మనసులో పీకుతోంది. మార్చి 4న ఇక్కడ అన్నది విని నా పాత రిపోర్టు తీసి చూశాను. అందులో రాసింది స్నాయువు వాపు అని, ఫ్రోజెన్ షోల్డర్ అని ఎక్కడా లేదు. జిమ్‌లో అందరూ అలా అంటుంటే నేనూ అలాగే అనేసుకున్నాను. సారీ అండీ.


వానచినుకు | మార్చి 29, ఉదయం 11:00

లేదండీ, మీ పోస్టు కాదు, నా తొందరే. డాక్టరు దగ్గరికి రేపు వెళుతున్నాను. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి క్రితంసారి ఏదో అన్నారు. స్టెరాయిడ్ అంటేనే టెన్షన్. ఎవరైనా చేయించుకున్నారా?


రెండో వసంతం | మార్చి 29, మధ్యాహ్నం 1:20

నేను చేయించుకున్నాను. రొమ్ము ఆపరేషన్ అయ్యాక కుట్లు ఎక్కడ విడిపోతాయోనని చెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని తిరిగాను, నాకలా వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, చెయ్యి ఎప్పట్నించి ఎంత కదపచ్చో డిశ్చార్జి అయ్యేలోపే మీ సర్జన్‌ని అడగండి. నాకు అడగాలని తెలియలేదు.

ఇంజెక్షన్ కొందరికి భుజం వెనకనుంచి, కొందరికి ముందునుంచి ఇస్తారు. నాకు స్కాన్ తెర మీద చూస్తూ ఇచ్చారు. సూది కన్నా మందు లోపలికి వెళ్ళేటప్పుడు ఉబ్బినట్టు అనిపించే ఒత్తిడే ఎక్కువ. మొదటి రెండు రోజులు నొప్పి పెరిగింది, ఇదేంట్రా అనుకున్నాను. నాలుగో రాత్రి తెల్లవారేదాకా నిద్రపోయాను. లేచాక కాసేపు ఏ భుజమో గుర్తు రాలేదు.


మెల్లమెల్లగా | మార్చి 29, సాయంత్రం 6:45

దీనికి ఇచ్చేది ఒకటి రెండు డోసులు, అదీ కీలు లోపలికి. నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలతో దాన్ని పోల్చకండి. నొప్పి దశలో ఎంత ముందు ఇస్తే అంత ఉపయోగం. వాపు పోయి ఉత్త బిగువే మిగిలిన తర్వాత ఇస్తే పెద్దగా తేడా ఉండదు. దాని లాభం ముఖ్యంగా మొదటి కొన్ని వారాలు, నెలలు. ఏడాది తర్వాత చూస్తే చేయించుకున్నవాళ్ళకీ చేయించుకోనివాళ్ళకీ తేడా తగ్గిపోతుంది. కానీ ఆ కొన్ని నెలల నిద్ర తక్కువ విషయమా? ఆ తెరిపిలో వ్యాయామం కూడా సాగుతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. స్టెరాయిడ్‌తోపాటు సెలైన్ నీళ్ళు ఎక్కించి ఆ కుంచించుకున్న సంచిని లోపలినుంచి ఉబ్బిస్తారు. మామూలు భుజంలో 15 నుంచి 30 మిల్లీలీటర్ల దాకా పట్టే చోట, బిగుసుకున్న భుజంలో 10 కూడా పట్టకపోవచ్చు. ఎక్కించేటప్పుడు ఆ ఇరుకు తెలుస్తుంది.


లెక్కల మాస్టారు | మార్చి 30, ఉదయం 5:05

షుగర్ వాళ్ళకి హెచ్చరిక. ఇంజెక్షన్ తర్వాత నా పరగడుపు షుగర్ 130 నుంచి 241కి ఎగిరింది. ఐదో రోజుకి 150లోకి వచ్చింది. నోట్‌బుక్‌లో ఉంది. ముందే తెలిస్తే కంగారు ఉండదు. ఆ వారం రోజూ చూసుకోండి, మందు డోసు మార్చాలేమో మీ డాక్టరునే అడగండి.

అమ్మా వానచినుకూ, పరీక్ష చేయించావా, లేదా? నేను అడిగి 26 రోజులైంది.


వానచినుకు | ఏప్రిల్ 18, రాత్రి 8:10

చేయించాను మాస్టారూ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.1, అంటే షుగర్ ఉన్నట్టే. ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదనే అనుకుంటూ వచ్చాను. రిపోర్టు పట్టుకుని కాసేపు కారులోనే కూర్చున్నాను. థైరాయిడ్ బాగానే ఉంది.

ఎముకకి, స్నాయువుకి దెబ్బేమీ లేదన్నారు. షుగర్‌కి మందులు మొదలెట్టాక, 9న ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు రోజులు 200 పైన ఉంది, మీరు చెప్పబట్టి భయపడలేదు. ఇప్పుడు రాత్రికి ఐదు గంటలు నిద్ర. చెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

డోర్ ఫ్రేమ్ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. ఎదురుగా నిలబడి వేళ్ళతో పాకుతూ ఎంత ఎత్తు అందితే అంత. 131 సెంటీమీటర్లు. కుడి చెయ్యి 196.


లెక్కల మాస్టారు | ఏప్రిల్ 19, ఉదయం 5:10

శభాష్. నెలకి ఒక్క గీత చాలు. రోజూ కొలిస్తే పిచ్చెక్కుతుంది, నాకెక్కింది.


వానచినుకు | జూన్ 20, రాత్రి 10:00

మేలో 135. ఇవాళ కూడా 135. నొప్పి బాగా తగ్గింది, నిద్ర పడుతోంది. కానీ చెయ్యి చూస్తే ఎవరో సిమెంటు పోసినట్టుంది. ఇలాగే ఉండిపోతుందా?


మెల్లమెల్లగా | జూన్ 21, ఉదయం 9:15

ఒక అనుమానం. గోడ మీద వేళ్ళు పాకించేటప్పుడు పక్కన అద్దం పెట్టుకుని చూడండి. భుజం చెవి వైపు లేస్తోందా, నడుము పక్కకి వంగుతోందా? అలా అయితే పైకెళ్ళేది కీలు కాదు, వెనకనున్న రెక్క ఎముక. గీత పెరుగుతుంది, భుజం పెరగదు, పైగా మెడ పట్టేస్తుంది.

మీరిప్పుడు రెండో దశలోకి వచ్చారు. నొప్పి తగ్గి బిగువు మిగిలింది కాబట్టి, సాగదీయడం ఇప్పుడు మొదలుపెట్టచ్చు. వెల్లకిలా పడుకుని, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, రెండు చేతులతో ఒక కర్ర పట్టుకోండి. కుడి చేత్తో కర్రని తోస్తుంటే ఎడమ ముంజెయ్యి బయటికి తిరుగుతుంది. లాగినట్టు అనిపించిన చోట ఆగి 20, 30 సెకన్లు ఊపిరి తీసుకుంటూ ఉండండి. పోటు వస్తే కాస్త వెనక్కి రండి. తువ్వాలు జారిపోతోందంటే మోచెయ్యి దొంగతనం చేస్తోందన్నమాట. ముందు దీన్ని రాబట్టండి. వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగేది అన్నిటికన్నా చివర.


వానచినుకు | జూన్ 21, రాత్రి 9:40

అద్దం పెట్టి చూశాను. భుజం చెవిని ముద్దు పెట్టుకుంటోంది. దాన్ని కిందికి దించి కొలిస్తే 131. మాస్టారూ, 4 సెంటీమీటర్లు దొంగ లెక్క, కొట్టేశాను.


ఎడంవైపు | జూలై 12, సాయంత్రం 4:30

ఇప్పుడే మొత్తం చదివాను. ఆపరేషన్ గురించి అడిగేవాళ్ళ కోసం రాస్తున్నా. 13 నెలలైనా నా చెయ్యి భుజం ఎత్తు దాటలేదు. రెండు దారులు చెప్పారు. ఒకటి, మత్తిచ్చి చేతిని అన్ని వైపులా తిప్పి అతుకులు విడగొట్టడం. రెండోది, చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో చూస్తూ బిగుసుకున్న సంచిని కత్తిరించి వదులు చెయ్యడం. మొదటిదాంట్లో అరుదుగా జబ్బ ఎముక విరిగే ప్రమాదం ఉందన్నారు, నా ఎముకలు బలహీనం కాబట్టి రెండోది ఎంచుకున్నాను.

మత్తు దిగాక చూస్తే చెయ్యి తల దాటి లేచింది, ఏడ్చేశాను. ఆ ఆనందం మర్నాటిదాకానే. మర్నాటి నుంచే ఫిజియో. ఆరు వారాలు రోజూ చెయ్యకపోతే మళ్ళీ అతుక్కుంటుందని మొహమాటం లేకుండా చెప్పారు. ఆపరేషన్ అయితే వ్యాయామం తప్పుతుందనుకునేవాళ్ళు ఆ ఆశ వదులుకోండి.


మెల్లమెల్లగా | జూలై 12, రాత్రి 8:00

బాగా చెప్పారు. బ్రిటన్‌లో 503 మందితో ఈ రెండు ఆపరేషన్లనీ, ఇంజెక్షన్ కలిపిన ఫిజియోథెరపీనీ పోల్చి చూశారు, 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత మూడింటిలో ఏదీ మిగతా రెండింటికన్నా చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. కెమెరా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి మళ్ళీ ఇంకో చికిత్స అవసరం తక్కువ పడింది గాని, ప్రమాదాలు కాస్త ఎక్కువ కనిపించాయి. అందుకే చాలామందికి కత్తి దాకా వెళ్ళకుండా మొదలుపెడతాం. నెలల తరబడి ఏ మార్పూ లేనివాళ్ళకి ఆపరేషన్ మాట వస్తుంది. వానచినుకు గారి సంగతి అక్కడిదాకా రాలేదు.


వానచినుకు | ఆగస్టు 23, ఉదయం 7:10

134. దొంగ లెక్క కాదు, అద్దంలో చూసే పెట్టాను. తువ్వాలు జారలేదు.


నిశాచరి | ఆగస్టు 23, ఉదయం 7:45

మూడు సెంటీమీటర్లకి ఇంత సంబరమా అని బయటివాళ్ళు అనుకుంటారు. అనుకోనివ్వండి.


వానచినుకు | నవంబర్ 30, సాయంత్రం 6:20

158. సెప్టెంబర్ నుంచి ఏదో తాళం వదులైనట్టు ఉంది. పోయిన వారం ఏదో ఆలోచిస్తూ ఎడమ చేత్తో పై అరలోంచి డబ్బా తీసి కింద పెట్టాను. పెట్టాక తెలిసింది ఏ చేత్తో తీశానో. మళ్ళీ పైన పెట్టి మళ్ళీ తీశాను. మూడోసారికి మావారు ఆపమన్నారు.

వీపు వెనక్కి మాత్రం ఇంకా నడుము దాకానే. హుక్ ముందు పెట్టుకుని తిప్పుకుంటున్నాను. హెచ్‌బీఏ1సీ 6.4కి వచ్చింది.


లెక్కల మాస్టారు | డిసెంబర్ 1, ఉదయం 5:00

వీపు వెనక్కి పోవడం నాకు కూడా చివరికే వచ్చింది. కుడిది ఇప్పటికీ ఎడమదానికన్నా రెండు వేళ్ళు తక్కువే అందుతుంది. దాంతో నాకు ఏ పనీ ఆగలేదు కాబట్టి కొలవడం మానేశాను. ఒకసారి వదిలిన భుజానికి ఇది మళ్ళీ రావడం అరుదు. రెండో భుజానికి కొందరికి వస్తుంది, నాకు వచ్చినట్టు. రావాలనేం లేదు. కుడి భుజంలో రాత్రి సలుపు మొదలైతే మాత్రం నాలుగు నెలలు ఊరుకోవద్దు.


వానచినుకు | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 3:00

183. జుట్టు రెండు చేతులతో ముడేసుకున్నాను. వంకరగా వచ్చింది, అలాగే ఆఫీసుకి వెళ్ళాను.


కొత్తమొక్క | ఫిబ్రవరి 16, రాత్రి 3:05

మొత్తం చదివాను. నాకూ ఇదే అనుకుంటా. వయసు 63. పది రోజుల క్రితం మెట్ల మీద జారి కుడి చెయ్యి ఆనించి పడ్డాను. అప్పట్నించి చెయ్యి పైకి లేవట్లేదు. ఎడమ చేత్తో పట్టుకుని ఎత్తితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది. రాత్రుళ్ళు ఒకటే నొప్పి. ఈ లోలకం వ్యాయామం మొదలుపెట్టనా?


వానచినుకు | ఫిబ్రవరి 16, ఉదయం 6:40

రాత్రి పడుకున్నానండీ, ఇప్పుడే లేచి చూశాను. మొదలుపెట్టకండి. మీది నాలాంటిది కాకపోవచ్చు. పైన తలుపు పరీక్ష దగ్గర మెల్లమెల్లగా గారు రాసింది మళ్ళీ చదవండి. ఇంకొకరు ఎత్తితే లేచే చెయ్యి, అదీ పడ్డాక, అంటే స్నాయువు చిరిగి ఉండచ్చు. ఎముక కూడా చూడాలి. ఇవాళే చూపించుకోండి.


మెల్లమెల్లగా | ఫిబ్రవరి 16, ఉదయం 8:10

నేను చెప్పాల్సింది ఆవిడే చెప్పేశారు. స్నాయువు పూర్తిగా చిరిగి ఉంటే ఆలస్యం చేసేకొద్దీ కుట్టడం కష్టమవుతుంది. ఎక్స్‌రే తర్వాత అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీస్తారు. అందులో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి.


నిశాచరి | ఫిబ్రవరి 16, ఉదయం 8:30

జబ్బ కింద దిండుకి మాత్రం రిపోర్టు అక్కర్లేదు, ఈ రాత్రే పెట్టుకోండి. మోచెయ్యి మీకు కనపడాలి.